అమ్ముగూడ బలరాం, క్లీవ్‌లాండ్ జిమ్ బ్రౌన్
ఆటల బాటలు – 11వ భాగం

పోయిన వారం హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు దగ్గర ఆగాం. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు బొంబాయి కూపరేజ్ మైదానానికి వచ్చి, రోవర్స్ కప్పును సొంత సొమ్ములా పట్టుకుపోయిన జట్టు అది. దాన్ని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు ఆ తర్వాత కొద్దికాలానికే సికింద్రాబాద్ అవతల నుంచి ఒక పేద కుర్రవాణ్ణి పట్టుకొచ్చారు. పేరు తులసీదాస్ బలరాం. ఈ వారం కథ ఆయనదే. కాకపోతే ఆయన పక్కన ఇంకొకణ్ణి కూడా కూర్చోబెడుతున్నాను. అతను మనవాడు కాదు, మన ఆటా కాదు. అమెరికా వాళ్లు ఫుట్‌బాల్ అని పిలుచుకునే, కాలితో తక్కువా చేత్తో ఎక్కువా ఆడే ఆటలో అందరికంటే గొప్ప రన్నింగ్ బ్యాక్ అని చాలామంది ఒప్పుకునే జిమ్ బ్రౌన్.

ఇద్దరూ 1936లో పుట్టారు. ఇద్దరికీ పేరు తెచ్చిన జట్టులోకి ఇద్దరూ 1957లోనే వచ్చారు. ఇద్దరూ ఒంట్లో ఆట ఉండగానే ఆట మానేశారు. ఇద్దరూ 2023లో మూడు నెలల తేడాతో కన్నుమూశారు. ఒకరి పేరు ఒకరు విన్నారని అనుకోను. జాతకాలు కలపడం నా పని కాదు గానీ, ఇంత దగ్గరగా నడిచిన రెండు బతుకులు చరిత్ర రాసేవాడికి అరుదుగా దొరుకుతాయి. వాటిని పక్కపక్కన పెడితే మన గురించి ఒక చేదు నిజం తెలుస్తుంది. దాని దగ్గరికి వస్తాను.

ఈ జోడీ నా బుర్రలో పుట్టింది కాదు. మా భివండీ పద్మానగర్‌లో రాత్రి పాలీ దిగిన మరమగ్గాల కుర్రాళ్లు చాయ్ టపరీ దగ్గర ఫోన్ చుట్టూ మూగి కనబడ్డారు. పాత నలుపు తెలుపు వీడియో. తలకు గట్టి టోపీ, భుజాలకు మెత్తలు కట్టుకున్న ఒకడు బంతిని చంకలో ఇరికించుకుని పరుగెత్తుతున్నాడు. “కాకా, ఈయన్ని చూడు. నలుగురు మీద పడ్డా ఆగుతలేడు. మనోళ్లల్ల ఇసోంటోడు ఉన్నడా?” అన్నాడు ఒకడు. ఉన్నాడని చెప్పాను. పేరు చెబితే ఒక్కడూ వినలేదు. సిరిసిల్ల నుంచి, కరీంనగర్ నుంచి, నల్గొండ నుంచి వచ్చిన ఇళ్ల పిల్లలు వీళ్లు. అమ్ముగూడ వీళ్ల తాతల ఊళ్లకు ఒక్కరోజు ప్రయాణం.

ముందు ఆ ఆట ఏమిటో రెండు ముక్కల్లో. మైదానం పొడవు వంద గజాలు. అటు పదకొండు మంది, ఇటు పదకొండు మంది. బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలిస్తారు. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకు జరగాలి. జరిగితే మళ్లీ నాలుగు, జరగకపోతే బంతి అవతలి వాళ్లకు పోతుంది. విసిరి జరగొచ్చు, మోసుకుని జరగొచ్చు. మోసేవాడే రన్నింగ్ బ్యాక్. ఎదురుగా గోడ కట్టినట్టు మనుషులుంటారు. ఆ గోడలో సందు వెతుక్కుని దూరాలి, దొరక్కపోతే గుద్దుకుని పోవాలి. ప్రతి గజాన్నీ రాసుకుంటారు. మన మగ్గాల మీద పనిచేసేవాడికి ఇది చెప్పకుండానే అర్థమవుతుంది. పన్నెండు గంటలు నిలబడినందుకు కాదు, నేసిన మీటర్లకు కూలి. పాలీ చివర మెహతాజీ తాకా కొలిచి పుస్తకంలో ఎక్కించింది ఎంతో, అంతే. రన్నింగ్ బ్యాక్ బతుకూ అంతే, గజం గజానికీ లెక్క.

ఆ లెక్కల పుస్తకంలో జిమ్ బ్రౌన్ ఖాతా ఇది: తొమ్మిది సీజన్లు, 118 ఆటలు, ఒక్కటీ తప్పలేదు. బంతి చేతికిచ్చింది 2,359 సార్లు. మోసుకెళ్లిన దూరం 12,312 గజాలు. అంటే పదకొండు కిలోమీటర్లకు పైచిలుకు, రమారమి మన భివండీ నుంచి కల్యాణ్ పోయినంత. అడుగడుగునా మీద పడే మనుషుల్ని విదిలించుకుంటూ పోయిన దూరం అది. ఒక్కో పరుగుకు సగటున అయిదు గజాలకు పైనే. తొమ్మిదేళ్లలో ఎనిమిదేళ్లు మొత్తం లీగులో పరుగులో మొదటివాడు. తప్పిపోయిన ఆ ఒక్క ఏడాది 1962. ఆ ఏడాది మన బలరాం ఏం చేస్తున్నాడో కాసేపట్లో చూస్తారు.

జిమ్ పుట్టింది జార్జియా రాష్ట్రం ఒడ్డున ఉన్న ఒక దీవిలో. తండ్రి పసితనంలోనే వదిలి వెళ్లిపోయాడు. తల్లి న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో తెల్లవాళ్ల ఇళ్లలో పనిచేసి, తర్వాత కొడుకును అక్కడికి పిలిపించుకుంది. మాన్‌హాసెట్ ఊళ్లో బడిలో చేరినవాడు ఏ ఆట ముట్టుకుంటే ఆ ఆటలో మొనగాడయ్యాడు. సిరక్యూస్ విశ్వవిద్యాలయం అతన్ని చేర్చుకుంది గానీ ఉపకారవేతనం ఇవ్వలేదు. మాన్‌హాసెట్ వకీలు కెన్నెత్ మొల్లోయ్ తెలిసినవాళ్ల దగ్గర చందాలు పోగుచేసి మొదటి ఏడాది చదువు గట్టెక్కించాడు. అది ఉపకారవేతనమే అనుకున్నాడు జిమ్. జట్టులో నల్లవాడు అతనొక్కడే. బాగా ఆడినా బల్ల మీద కూర్చోబెట్టే రోజులవి. కూర్చోబెట్టలేని స్థితి తానే తెచ్చాడు.

ఇక అమ్ముగూడ. సికింద్రాబాద్ కంటోన్మెంట్ పక్కన చిన్న ఊరు. సైన్యం ఉన్నచోట మైదానాలుంటాయి, మైదానాలున్నచోట ఫుట్‌బాల్ ఉంటుంది. తెల్లదొరల కాలం నుంచీ బొల్లారం, తిరుమలగిరి, లాలాగూడ వైపు సాయంత్రమైతే బంతి చప్పుడే. హైదరాబాద్ ఫుట్‌బాల్ నవాబుల ఇళ్లలో పుట్టిందనుకునేవాళ్లు ఈ వైపు ఒకసారి చూడాలి. బలరాం ఇంట్లో డబ్బు లేదు. చదువుకుని సర్కారు నౌకరీ తెచ్చుకోవాలని తల్లి కోరిక. కొడుకు కాళ్లు మాత్రం మైదానం వైపే లాగేవి. బూట్లు కొనే స్తోమత లేక పాత బూట్లనే చెప్పులు కుట్టే అతని చేత బాగుచేయించుకుని ఆడేవాడని చెబుతారు. కొన్నాళ్లు సైనికుల జట్టుకు, ఆ తర్వాత హైదరాబాద్‌లో రైడర్స్ క్లబ్బుకు ఆడాడు. 1956లో రహీం గారి కన్ను పడింది.

రహీం గారి గురించి పోయిన భాగాల్లో చాలానే రాశాను. బడిపంతులు, మైదానంలోనూ పంతులే. కుడికాలు వాటం ఉన్నవాడి చేత ఎడమకాలితోనే ఆడించడం, బంతిని కాలి దగ్గర నిలుపుకోకుండా ఒక్క తాకుతో పక్కవాడికి అందించడం ఆయన పాఠాలు. సంతోష్ ట్రోఫీ శిక్షణకు రమ్మన్నారు బలరాంను. అమ్ముగూడ నుంచి ఫతే మైదాన్ దాకా పదిహేను కిలోమీటర్ల పైనే ఉంటుంది. రావడానికి డబ్బుల్లేవన్నాడు కుర్రాడు. కిరాయి సైకిలుకు డబ్బు తన జేబులోంచి ఇచ్చారు రహీం గారు. ఆ కిరాయి సైకిలు తొక్కుకుంటూ పొద్దున్నే వచ్చి, ఆడి, మళ్లీ తొక్కుకుంటూ ఇంటికి పోయేవాడు. వచ్చేటప్పుడు ముప్పావు వంతు శిక్షణ దారిలోనే అయిపోయేదేమో!

మాన్‌హాసెట్ వకీలు చందా, హైదరాబాద్ పంతులు కిరాయి సైకిలు. రెండు చోట్లా వ్యవస్థ చెయ్యాల్సిన పని ఒక మనిషి చేశాడు. ఇది ఆ కాలపు గొప్పతనమని మురిసిపోయేవాళ్లున్నారు. నాకు మురిపెం రాదు. రహీం కంట పడని బలరాంలు ఎంతమంది ఉన్నారో ఎవరు చెప్పగలరు?

1956లో హైదరాబాద్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఫైనల్లో ఓడినవాళ్లు బొంబాయి. మరుసటి ఏడాది మళ్లీ హైదరాబాదే గెలిచింది, ఓడింది మళ్లీ బొంబాయే. మహారాష్ట్రలో ఉండి ఈ ముక్క రాస్తున్నందుకు ఇరుగుపొరుగు మిత్రులు మన్నించాలి. ఆ 1956 చివర్లోనే మెల్‌బోర్న్ ఒలింపిక్స్. ఇరవై ఏళ్ల బలరాం జట్టులో ఉన్నాడు. హైదరాబాద్ నుంచి అజీజ్, నూర్ మహమ్మద్, జుల్ఫికర్ కూడా ఉన్నారు. నెవిల్ డిసౌజా మూడు గోల్స్‌తో మనవాళ్లు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీ ఫైనల్‌కు చేరారు. ఒలింపిక్స్‌లో ఒక ఆసియా జట్టు అంతదూరం పోవడం అదే మొదలు. యుగోస్లావియా మీద ముందు గోల్ కొట్టింది మనమే. చివరికి 1-4తో ఓడాం. అంతకు నాలుగేళ్ల ముందు హెల్సింకీలో అదే యుగోస్లావియా మనకు పది గోల్స్ కొట్టింది. అప్పుడు మనవాళ్లలో చాలామంది ఉత్తి కాళ్లతో ఆడారు. నాలుగేళ్లలో ఎంత దూరం వచ్చామో చెప్పడానికి ఆ రెండు అంకెలు చాలు.

1957లో ఈస్ట్ బెంగాల్ క్లబ్బు పెద్ద జ్యోతిష్ చంద్ర గుహ బలరాంను కలకత్తా పట్టుకుపోయాడు. అక్కడ ఫుట్‌బాల్ ఆట కాదు, ఇంటి పంచాయతీ. దేశ విభజనలో ఊళ్లు వదిలి వచ్చిన తూర్పు బెంగాల్ వాళ్లకు ఆ ఎరుపు పసుపు చొక్కా పోయిన ఊరితో సమానం. ఆ చొక్కా వేసుకున్నవాడికి భాష రాకపోయినా బంధువే. అవతల మోహన్ బగాన్‌లో చునీ గోస్వామి. తూర్పు రైల్వే జట్టులో పి.కె. బెనర్జీ. క్లబ్బుల్లో ఎడమొహం పెడమొహం, దేశం చొక్కా వేసుకోగానే ముగ్గురూ ఒకే దండ. భారత ఫుట్‌బాల్‌లో ఆ ముగ్గురిని త్రిమూర్తులు అన్నారు. ఊరికే అనలేదు.

బలరాం ఆట ఎలా ఉండేది? ఎడమ అంచు మీద ఆడేవాడు, లోపలికి వచ్చి ఆడేవాడు, మధ్యలో ముందు నిలబడమంటే అదీ చేసేవాడు. రహీం గారికి అక్కరకొచ్చింది ఇదే. చునీకి లోపలి ఎడమ చోటు కావాలంటే బలరాం అంచుకు జరిగేవాడు. మధ్యవాళ్లు అలసిపోతే వెనక్కి వచ్చి బంతి అందుకునేవాడు. తన గోల్ కంటే పక్కవాడి గోల్‌కు దారి వేయడం మీద ఎక్కువ మోజు. ఇలాంటివాళ్ల గొప్పతనం గోల్స్ పట్టికలో సగమే కనబడుతుంది. అయినా ఈస్ట్ బెంగాల్ లెక్కల్లో ఆయన పేరున 104 గోల్స్ ఉన్నాయి. 1961లో ఆ జట్టుకు కెప్టెన్. ఆ ఏడు కలకత్తా లీగు వాళ్లదే, ఐ.ఎఫ్.ఏ. షీల్డు మోహన్ బగాన్‌తో కలిసి పంచుకున్నారు.

ఇక్కడ ఒక మాట పక్కకు పోయి చెప్పాలి, బొంబాయి తెలుగువాళ్ల కోసం. 1950 నుంచి 1962 వరకు పదమూడు రోవర్స్ కప్పుల్ని లెక్కేయండి. హైదరాబాద్ పోలీసు ఆరుసార్లు. రాష్ట్రం పేరు మారాక ఆంధ్రా పోలీసు 1960లో. సికింద్రాబాద్ ఇ.ఎం.ఇ. సెంటర్ 1961లో. 1962లో ఆంధ్రా పోలీసు, బలరాం క్లబ్బు ఈస్ట్ బెంగాల్ కప్పు పంచుకున్నాయి. పదమూడింటిలో తొమ్మిది! చర్చిగేట్ పక్కన ఆ చిన్న మైదానం పుష్కరకాలం పాటు మన ఇలాకా. అప్పటికి కామాఠీపురాలో, పరేల్ మిల్లుల్లో మనవాళ్లు వేలల్లో ఉన్నారు. మిల్లు విడిచాక కూపరేజ్‌కు నడిచిపోయి చూసినవాళ్లు తప్పకుండా ఉండి ఉంటారు. 1982లో మిల్లుల సమ్మె వచ్చి, ఆ పని మనుషులతో సహా భివండీ మగ్గాల మీదకు తరలింది. వాళ్ల జ్ఞాపకాలు కూడా ఇటే వచ్చి ఉండాలి. రోవర్స్ కప్పు మాత్రం ఈ శతాబ్దం మొదట్లోనే ఆగిపోయింది.

సరే, 1957 అమెరికా. క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టులో జిమ్ చేరిన మొదటి ఏడాదే లాస్ ఏంజిలెస్ మీద ఒక్క ఆటలో 237 గజాలు పరుగెత్తాడు. ఆ రోజుకు అది రికార్డు. జిమ్ పరుగులో చూడాల్సింది వేగం ఒక్కటే కాదు, కిందపడ్డ తర్వాతి నాలుగు క్షణాలు కూడా. ముగ్గురు నలుగురు కలిసి పడేస్తారు. మిగతావాళ్లు దెబ్బ తగల్లేదని చూపించడానికి గబుక్కున లేస్తారు. జిమ్ లేవడు. ముందు ఒక మోకాలు, ఆ తర్వాత చెయ్యి ఆనించి, ముసలివాడిలా మెల్లగా లేచి, కాళ్లీడ్చుకుంటూ తన వాళ్ల దగ్గరికి పోతాడు. ఈసారి నిజంగానే దెబ్బ తగిలిందని అవతలివాళ్లు సంబరపడతారు. మరుక్షణం బంతి అందగానే మళ్లీ అదే మనిషి, అదే పరుగు. ప్రతిసారీ అలాగే లేచేవాడు కాబట్టి నిజంగా దెబ్బ తగిలినరోజు ఏదో ఎవరికీ తెలిసేది కాదు. బలమున్నవాళ్లు చాలామంది. బలాన్ని దాచుకోవడం తెలిసినవాళ్లు కొద్దిమందే.

1960 రోమ్ ఒలింపిక్స్. మన గుంపులో హంగరీ, ఫ్రాన్స్, పెరూ. ఇంతకంటే గట్టి గుంపు కావాలని అడిగినా ఎవరూ ఇవ్వరు. మొదటి ఆట హంగరీతో. వాళ్ల జట్టులో ఫ్లోరియన్ ఆల్బర్ట్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఉన్నాడు. తర్వాత ఏడేళ్లకు యూరప్ మొత్తంలో ఆ ఏటి మేటి ఆటగాడన్న బంగారు బంతి బహుమతి అతనికే వచ్చింది. రెండు గోల్స్ వాళ్లు కొట్టారు, అందులో ఒకటి ఆల్బర్ట్‌ది. 79వ నిమిషంలో బలరాం గోల్ కొట్టాడు. 2-1. ఆఖరి పది నిమిషాలు హంగరీ వాళ్లు తమ గోల్ కాచుకోవాల్సి వచ్చింది. ఆ హంగరీ చివరికి కాంస్యం గెలిచింది. తర్వాత ఫ్రాన్స్‌తో పి.కె. గోల్ కొట్టి ముందంజ వేస్తే, ఎనిమిది నిమిషాలుందనగా వాళ్లు సమం చేశారు. పెరూతో 1-3తో ఓడాం, ఆ ఒక్కటీ బలరామే కొట్టాడు. కాగితం మీద మూడింట గెలుపు ఒక్కటీ లేదు. కానీ ఆ మూడు ఆటలూ తెలిసినవాడు ఎవరైనా భారత ఫుట్‌బాల్ నిటారుగా నిలబడిన రోజులవేనంటాడు. ఇప్పటికీ మన దేశం ఒలింపిక్స్‌లో ఆడిన ఆఖరి ఫుట్‌బాల్ పోటీ అదే.

ఇక 1962, జకార్తా. ఆసియా క్రీడలకు ఇజ్రాయెల్‌నూ తైవాన్‌నూ ఇండోనేషియా రానివ్వలేదు. ఇది తప్పని ఆసియా క్రీడల సమాఖ్యలో మన దేశపు పెద్ద జి.డి. సోంధీ గట్టిగా అన్నాడు. దాంతో అక్కడి జనం కోపమంతా మన ఆటగాళ్ల మీదకు మళ్లింది. భారత రాయబార కార్యాలయం మీద గుంపులు దాడి చేశాయి. పాగా చూసి గుర్తుపడతారని సిక్కు ఆటగాళ్లు బస్సులో కిటికీకి కనబడకుండా కింద కూర్చుని ప్రయాణం చేశారు. అప్పటికే మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడారు. రెండో ఆట థాయ్‌లాండ్‌తో. 4-1తో గెలిచారు, బలరాం ఒకటి కొట్టాడు. కానీ జర్నైల్ సింగ్ తల పగిలింది, కుట్లు పడ్డాయి. గోల్‌కీపర్ తంగరాజ్‌కు జ్వరం. జపాన్‌తో 2-0, అందులో ఒకటి మళ్లీ బలరాందే. సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద 3-2.

సెప్టెంబరు 4న ఫైనల్, ఎదుట మళ్లీ దక్షిణ కొరియా. లక్షమంది దాకా జనం, అంతా మన ఓటమి చూడ్డానికి వచ్చినవాళ్లే. జనగణమన వస్తుంటే వెక్కిరింపులు. ఆ మైదానంలో మనకు చప్పట్లు కొట్టింది పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లేనని ఆనాటివాళ్లు చెబుతారు. అంతకుముందే హాకీ ఫైనల్లో మనల్ని ఓడించి బంగారం గెలిచినవాళ్లు! వెనక ఆడే జర్నైల్‌ను తల కట్టుతోనే ముందు నిలబెట్టారు రహీం గారు. 17వ నిమిషంలో పి.కె. గోల్, 20వ నిమిషంలో జర్నైల్ గోల్. చివర్లో కొరియా ఒకటి తిప్పికొట్టింది. 2-1. బంగారం. ఆ పదకొండు మందిలో తంగరాజ్, యూసుఫ్ ఖాన్, బలరాం ముగ్గురూ సికింద్రాబాద్, హైదరాబాద్ మట్టిలో ఆడి పెరిగినవాళ్లే. అప్పటికే రహీం గారి ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ ముదిరి ఉంది. ఆ సంగతి జట్టులో ఎంతమందికి తెలుసో మరి.

బలరాంకు ఆ ఏటి అర్జున అవార్డు వచ్చింది. అంతకుముందు ఏడాది పి.కె.కు, తర్వాతి ఏడాది చునీకి. బంగారం మెళ్లో పడి ఏడాది తిరక్కుండానే, 1963 జూన్ 11న, రహీం గారు పోయారు. అదే ఏడాది బలరాం ఆట ఆగిపోయింది. ఈస్ట్ బెంగాల్ వదిలి బెంగాల్ నాగపూర్ రైల్వే జట్టుకు వచ్చిన కొద్దికాలానికే ప్లూరసీ అనే ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంది. పరుగే పెట్టుబడి అయినవాడికి ఊపిరి అందకపోతే ఇంకేముంది? ఇరవయ్యేడేళ్లకు వీడ్కోలు. వీడ్కోలు ఆట లేదు, పూలదండ లేదు.

జిమ్ బ్రౌన్ ముగింపు వేరేలా వచ్చింది. 1964లో బాల్టిమోర్‌ను 27-0తో చిత్తుచేసి క్లీవ్‌లాండ్ ఛాంపియన్ అయింది. 1965లో లీగు మొత్తానికి అత్యుత్తమ ఆటగాడు అతనే. 1966 వేసవిలో లండన్‌లో సినిమా తీస్తున్నారు, షూటింగ్ సాగుతూ పోయింది. శిక్షణకు రావడం ఆలస్యమైతే రోజుకింతని జరిమానా వేస్తానన్నాడు జట్టు యజమాని. సినిమా సెట్టు మీది నుంచే ఆట మానేస్తున్నానని చెప్పేశాడు జిమ్. ముప్పై ఏళ్లు. బెదిరించినవాడు తెల్లబోయాడు. ఒక నల్ల ఆటగాడు ఆ దేశంలో ఆ రోజుల్లో యజమానికి అలా చెప్పడం పరుగు రికార్డుకంటే చిన్న విషయమేమీ కాదు. మరుసటి ఏడాది వియత్నాం యుద్ధానికి పోనన్న మహమ్మద్ అలీకి అండగా క్లీవ్‌లాండ్‌లో పేరున్న కొందరు నల్ల ఆటగాళ్లను ఒకచోట చేర్చిందీ అతనే.

ఉన్నది దాచకుండా చెప్పాలి. మైదానం బయట జిమ్ బ్రౌన్ దేవుడేమీ కాదు. ఆడవాళ్ల మీద చెయ్యి చేసుకున్నాడని పలుమార్లు కేసులు వచ్చాయి. భార్య కారును పగలగొట్టిన కేసులో కోర్టు చెప్పిన కౌన్సెలింగ్‌కు పోనని 2002లో జైలుకు కూడా పోయాడు. పరుగును మెచ్చుకోవడానికి వీటిని మరిచిపోవాల్సిన పనిలేదు.

అతని 12,312 గజాల రికార్డును 1984లో గానీ వాల్టర్ పేటన్ దాటలేకపోయాడు. 1971లోనే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. క్లీవ్‌లాండ్ మైదానం దగ్గర విగ్రహం పెట్టారు. ఏటా ఎక్కువ గజాలు పరుగెత్తిన ఆటగాడికి ఇప్పుడు జిమ్ బ్రౌన్ పేరు మీదే బహుమతి ఇస్తున్నారు. 2023 మే 18న పోయాడు. వందేళ్ల తర్వాత పుట్టబోయే పిల్లవాడు కూడా ఏ ఆదివారం ఎన్ని గజాలో చూసుకోగలడు.

బలరాం సంగతి చూడండి. రైల్వే కొలువులో ఉండిపోయాడు. పిల్లలకు ఆట నేర్పాడు. పెళ్లి చేసుకోలేదు. కలకత్తాకు కాస్త దూరంలో, హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పాడాలో చిన్న ఫ్లాటులో ఒంటరిగా బతికాడు. చునీకి 1983లో, పి.కె.కు 1990లో పద్మశ్రీ వచ్చింది. త్రిమూర్తుల్లో మూడోవాడికి రాలేదు. ఆ బాధను ఆయన దాచుకోలేదు, అడిగినవాళ్లకు సూటిగానే చెప్పాడు. తన క్లబ్బుతోనూ మనసు విరిగింది. చనిపోయాక తన శరీరాన్ని అక్కడికి తీసుకెళ్లొద్దన్నాడని పత్రికలు రాశాయి. 2020 మార్చిలో పి.కె., ఏప్రిల్‌లో చునీ వెళ్లిపోయారు. 2023 ఫిబ్రవరి 16న బలరాం.

ఇక మొదట్లో చెప్పిన చేదు నిజం. జిమ్ బ్రౌన్ పరుగు గజాల్లో తేలుతుంది. బలరాం దేశం తరఫున ఎన్ని ఆటలు ఆడాడు, ఎన్ని గోల్స్ కొట్టాడు అని చూస్తే ఒక్కో పుస్తకంలో ఒక్కో లెక్క. స్నేహపూర్వక ఆటల్ని ఒకరు కలుపుతారు, ఒకరు తీసేస్తారు. ఆఖరికి పుట్టినరోజు మీద కూడా కాగితాలన్నీ ఒక్కమాట మీద లేవు. సంవత్సరం ఒక్కటే ఖాయం. ఆయన ఆట కదిలే బొమ్మల్లో దొరికేది బహు తక్కువ. అందుకే మా టపరీ కుర్రాళ్లకు జార్జియా దీవిలో పుట్టినవాడు ఫోన్లో కనబడ్డాడు, అమ్ముగూడ వాడు కనబడలేదు. ఇందులో ఆ పిల్లల తప్పేమీ లేదు. గొప్ప ఆటగాళ్లు అమెరికాకు ఎక్కువ, మనకు తక్కువ అన్న మాట నేనొప్పుకోను. వాళ్లు రాసుకున్నారు, మనం రాసుకోలేదు. మీటరు బట్టకు లెక్క తప్పితే ఊరుకోని మనం, బలరాం దగ్గర లెక్క వదిలేశాం.

నా తీర్పు అడిగితే, హైదరాబాద్ ఫుట్‌బాల్ కన్న ఆటగాళ్లలో నేను మొదటి పేరుగా బలరాంనే రాస్తాను. తంగరాజ్ అభిమానులు, అజీజ్ అభిమానులు పోట్లాటకు రావచ్చు. ఉత్తరాలు రాయండి, అచ్చువేస్తాం.

అంతకంటే ముఖ్యంగా ఒక మనవి. పద్మానగర్‌లో, కామత్‌ఘర్‌లో, కల్యాణ్‌లో, వర్లీ, పరేల్‌లలో ఉన్న పాఠకుల్లారా, మీ ఇంట్లో నాన్నో తాతో 1950లలో, 60లలో కూపరేజ్‌లో రోవర్స్ కప్పు చూసి ఉంటే, వాళ్లను ఇవాళే కూర్చోబెట్టి అడగండి. ఏ ఏడాది, ఎవరెవరి ఆట, టికెట్టు ఎంత, బలరాంను చూశారా, పోలీసు జట్టులో ఎవరు గుర్తున్నారు. పాత టికెట్టు ముక్క, పత్రిక కత్తిరింపు, ఫోటో ఏది దొరికినా నకలు తీసి పత్రిక చిరునామాకు పంపండి, అసలు మీ దగ్గరే ఉంచుకోండి. వచ్చినవన్నీ పంపినవాళ్ల ఇష్టప్రకారం ఈ ధారావాహిక చివరి భాగంలో వేస్తాం.

(వచ్చే వారం: గోల్ ముందు నిలబడ్డ ఆరడుగుల పైమనిషి, పీటర్ తంగరాజ్)